మానుతున్న చర్మానికి మాటలేవి?

తెలుగు స్త్రీవాద కవిత్వం గాయానికి భాషనిచ్చింది. వీధిలో ఆడదాని ఒంటిమీద వాలే చూపు కూడా హింసేనని జయప్రభ 'చూపులు' చెప్పింది. పురిటి నొప్పిని మాతృత్వపు మహిమ కిందినుంచి బయటికి లాగి కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' రాసింది. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' వచ్చింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చేనాటికి, శరీరం గురించి ఆడవాళ్ళు తమ గొంతుతో మాట్లాడటం తెలుగు కవిత్వంలో కాదనలేని వాస్తవమైంది. నీలికవిత్వమని ఈసడించినవాళ్ళు కూడా దాన్ని చదవక తప్పలేదు. మా తరం పరిశోధకులం ఈ కవితల మీదే పాఠాలు విన్నాం, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాం.

అయితే గాయం తర్వాతి రోజుల సంగతేమిటి? నెత్తురు ఆగాక, కొత్త చర్మం వచ్చేలోపు శరీరం ఒక పని చేస్తుంది. ఆ పనికి మన సాహిత్యంలో చోటు చాలా తక్కువ. గాయం నిరసన అవుతుంది, మచ్చ జ్ఞాపకం అవుతుంది. మధ్యలో మానడం అనే క్రియ ఒకటుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. పదహారో ఏట మొదలైన మొటిమలు నా రెండు బుగ్గల మీదా గుంటలు మిగిల్చి వెళ్ళాయి. నిరుడు జనవరి మొదట్లో, నా జీతం డబ్బుతో, ఒక నగరంలోని చర్మ చికిత్సాలయంలో వాటికి లేజర్ చేయించుకున్నాను. ఆ తర్వాతి మూడు వారాలు పిఠాపురంలో అమ్మ దగ్గర ఉన్నాను. నాతోపాటు వచ్చింది ఒక సంచీడు మందులు, ఒక కరపత్రం. అలవాటుకొద్దీ ఆ కరపత్రాన్ని ఒక పాఠ్యంగా చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

ముందు ఆ చికిత్స ఏమిటో చెప్పాలి. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టినవాడు మన దేశంలో పుట్టిన కుమార్ పటేల్. దాని కిరణం తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. ఆ కిరణాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. చర్మంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కిరణం తగిలినచోట ఆ నీరు క్షణంలో మరిగి పైపొర ఆవిరైపోతుంది. 1990లలో ముఖమంతా ఇలా ఒలిచేసేవారు. మానడానికి చాలాకాలం పట్టేది, ఇబ్బందులూ ఎక్కువే. 2004 నుంచి ఫ్రాక్షనల్ పద్ధతి వచ్చింది. ఇందులో కిరణం ముఖమంతా తాకదు. జల్లెడలో చిల్లుల్లాగా కంటికి ఆనని సన్నటి గాయాలు చేస్తుంది. చిల్లుకీ చిల్లుకీ మధ్య చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. ఆ వదిలేసిన చర్మంలోంచే కొత్త కణాలు పక్కకి పాకి గాయాన్ని మూస్తాయి. లోపల కొత్త కొల్లాజెన్ తయారవడం నెలల తరబడి సాగుతుంది. మొత్తం మీద లేజర్ చేసేది గాయమే. మచ్చని తగ్గించేది ఆ గాయం మానడం. అంటే చికిత్స అంతా మానడంలోనే ఉంది.

కరపత్రం మాత్రం ఈ మాట చెప్పదు. పైన రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకటి 'ముందు', ఒకటి 'తర్వాత'. మధ్య ఫొటో లేదు. మధ్యకాలానికి అది పెట్టిన పేరు 'డౌన్‌టైమ్'. యంత్రం చెడిపోయి ఫ్యాక్టరీలో పని ఆగిపోయిన సమయానికి వాడే మాట అది. నా శరీరం జీవితంలో ఎన్నడూ లేనంత కష్టపడి పనిచేస్తున్న రోజులకి, పని ఆగిన రోజులని పేరు పెట్టారు. ఆఫీసుకి పోలేని, నలుగురికీ కనపడలేని రోజులు కాబట్టి అవి లెక్కకి రాని రోజులు. ఇంటిపని పని కాదని జనాభా లెక్కలు చెప్పినట్టే ఇదీ ఉంది.

వాక్యాల తీరు కూడా చూడండి. 'గోకరాదు. ఎండకు వెళ్ళరాదు. పొలుసులు వాటంతటవే రాలిపోవును. ఎరుపు సహజము.' ఈ వాక్యాల్లో ఎక్కడా మనిషి లేదు. మంట ఎవరికి? ఎరుపు ఎవరి ముఖం మీద? కర్త కనిపించని వాక్యం నియమాన్ని మాత్రం మోస్తుంది. నొప్పి అనే మాట కరపత్రంలో ఒక్కసారి కూడా లేదు, 'స్వల్ప అసౌకర్యము' ఉంది. వ్రత కథల చివర ఉండే విధినిషేధాలు చదువుతున్నట్టే అనిపించింది. నియమం తప్పకపోతే ఫలం దక్కుతుంది. దక్కలేదంటే ఎక్కడో నియమం తప్పినట్టు. తప్పు ఎప్పుడూ వ్రతం చేసినదానిదే.

ఆ రోజులు నిజంగా ఎలా గడిచాయో చెప్పడానికి నాకు మాటలు అమ్మ దగ్గర దొరికాయి. మొదటి రెండు రోజులు ముఖం కందిపోయి, ఉబ్బి, రసి కారింది. కరపత్రంలో దీనికి 'స్రావము' అని ఉంది. అమ్మ చూసి 'రసి కారుతోందే, దూదితో అద్దు, తుడవకు' అంది. మూడో రోజుకి ముఖమంతా ఇసుక కాగితంలా గరుకెక్కింది. 'పక్కు కడుతోంది, ఇంక పర్లేదు' అంది. ఐదో రోజు దురద మొదలైంది. 'దురద పెడితే మానుతున్నట్టు' అంది. మంటకీ, సలుపుకీ, చురచురకీ, తీపుకీ మధ్య తేడాలు ఆమెకి తెలుసు. ఆరో రోజున పొట్టు రాలడం మొదలై, కింద లేత గులాబీ రంగులో చర్మం కనిపించినప్పుడు 'పసిపిల్ల తోలులా ఉంది' అంది. వైద్యుడి కరపత్రానికీ అమ్మ మాటలకీ విషయంలో పెద్ద తేడా లేదు. రెండూ గోక్కోవద్దనే చెప్పాయి. రెండూ తడి ఆరనివ్వొద్దనే చెప్పాయి. తేడా అంతా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న దగ్గర ఉంది. అమ్మ ప్రతి మాటా నా ముఖం చూసి అన్నదే.

పిఠాపురంలో కూర్చుని మాటల గురించి ఆలోచిస్తే నిఘంటువు గుర్తుకు రాక మానదు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరు పేరు మీద, ఆయన పోషణలో తయారైన 'శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు' తొలి సంపుటం 1936లో వెలువడింది. ఆ పనికి ముందు నిలిచిన జయంతి రామయ్య పంతులు గ్రాంథిక భాషకి గట్టి కొమ్ము. కావ్యాల్లో ప్రయోగం ఉన్న మాటకి ఆ నిఘంటువులో పెద్దపీట. ఆ మహాకృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, నా పరిశోధనంతా దాని మీద ఆధారపడి సాగింది. కానీ కావ్యం ఏ ముఖాన్ని వర్ణించింది? చంద్రుడిలాంటి ముఖాన్ని, అద్దంలాంటి చెక్కిలిని. పక్కు కట్టిన చెంపని ఏ ప్రబంధ నాయికకీ పెట్టలేదు. పుండు కడిగిన ఆడవాళ్ళ నోట పుట్టిన మాటకి కావ్యం సాక్ష్యం చెప్పదు. సాక్ష్యం లేని మాటకి పరువు తక్కువ. ఆ పరువు తక్కువతనమే ఇప్పుడు 'డౌన్‌టైమ్'కి దారి వదిలిందని నాకు అనిపిస్తుంది.

మా ఊరి స్థలపురాణాలు కూడా శరీరం చుట్టూనే తిరుగుతాయి. విష్ణుచక్రం సతీదేవి దేహాన్ని ముక్కలు చేస్తే ఒక ముక్క ఇక్కడ పడి పురుహూతికా పీఠమైందంటారు. అష్టాదశ శక్తిపీఠాల్లో అదొకటి. గయాసురుడి తల గయలోనూ నాభి జాజ్‌పూర్‌లోనూ ఉంటే పాదాలు ఇక్కడున్నాయని, అందుకే ఇది పాదగయ అని చెబుతారు. తెగిన శరీరానికి గుడి కట్టే సంప్రదాయం మనది. మానిన శరీరానికి కథ కట్టింది మాత్రం పురాణం కాదు, గ్రామదేవత చుట్టూ అల్లుకున్న ఆడవాళ్ళ ఆచారం.

మా పెద్దమ్మకి చిన్నతనంలో మశూచి వచ్చింది. మన దేశంలో మశూచి చివరి కేసు 1975 నాటిది. అంతకు ముందు తరాల వాళ్ళ ముఖాలు దానికి సాక్ష్యం. నా ముఖం చూసి పెద్దమ్మ 'నాకు అమ్మవారు పోసినప్పుడు ఇలాగే ఉండేది' అని మొదలుపెట్టింది. గుమ్మానికి వేపమండలు కట్టారట. ఇంట్లో తాలింపు ఘుమఘుమ లేదు. ఎవరూ తలంటుకోలేదు. గట్టిగా మాట్లాడలేదు. పెరుగన్నం తిన్నది రోగి ఒక్కతే కాదు, ఇల్లంతా. పొక్కులు మాడాక బేసి రోజు చూసి వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోశారు. దురద పెడితే గోకకుండా వేప రెమ్మతో నిమిరారు. ఒక పిల్ల చర్మం మానేదాకా ఇల్లు మొత్తం తన నడకని మార్చుకుంది.

ఈ ఆచారాన్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. మశూచిని తరిమింది వేపాకు కాదు, టీకా. అమ్మవారని చేతులు జోడించి టీకాకి దూరంగా ఉండి చనిపోయినవాళ్ళూ ఉన్నారు. అంత జాగ్రత్తగా చూసుకున్న ఇల్లే, పెళ్ళీడు వచ్చాక పెద్దమ్మ ముఖం మీది స్ఫోటకం మచ్చలకి కట్నంలో ధర కట్టింది. నేను చెప్పేది భాష గురించి. అక్కడ మానడం అనేది నలుగురి పని. రోగం పేరు అమ్మవారు కాబట్టి రోగి ముఖం దాచుకోనక్కర్లేదు. నా సంగతి అలా కాదు. సంక్రాంతికి చుట్టాలు వచ్చే రోజులవి. 'పిల్లకి వేడి చేసింది' అని అమ్మ గుమ్మంలోనే చెప్పి పంపింది. నన్ను కాపాడటానికే అంది. అయినా ఒక విషయం తేలింది. అమ్మవారి పొక్కులకి చెప్పుకోదగ్గ పేరుంది. ఒక ఆడది కోరి చేయించుకున్న గాయానికి లేదు. అబద్ధం ఒక్కటే దాని పేరు.

కరపత్రం ఎవరి కోసం రాశారన్న ప్రశ్న నాలుగో వారంలో వచ్చింది. అప్పటికి పొట్టు రాలి, ఎరుపు తగ్గుతోంది. ఉన్నట్టుండి రెండు బుగ్గలూ నల్లబారడం మొదలైంది. మన రంగు చర్మాల్లో గాయం మానేటప్పుడు మెలనిన్ ఎక్కువగా తయారై ఇలా జరగడం మామూలేనని, చాలామందిలో నెలలమీద తగ్గుతుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. నాకూ వేసవి దాటేసరికి చాలావరకు తగ్గింది. చికిత్సకి ముందు చికిత్సాలయంలో ఎవరూ ఈ సంగతి విడమరిచి చెప్పలేదు. కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో 'అరుదుగా రంగు మార్పు' అని ఉంది. ఎవరికి అరుదు? చర్మాన్ని ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం 1975లో అమెరికాలో పుట్టింది. మొదట అది తెల్ల చర్మాలు ఎండకి ఎంత కమిలిపోతాయన్న దాని మీద చేసిన వర్గీకరణ. గోధుమ, నలుపు రంగులు తర్వాత చేరాయి. మన చర్మం ఆ పట్టికలో ఆలస్యంగా వచ్చిన అతిథి. కరపత్రంలో అది ఇంకా 'అరుదు' దగ్గరే ఆగిపోయింది.

'కనీసం మూడు నెలలు ఎండ తగలరాదు' అన్న వాక్యం కూడా అంతే. పిఠాపురం చుట్టూ జనవరిలో దాళ్వా నాట్లు పడుతుంటాయి. నడుం వంచి నాట్లు వేసే కూలి ఆడవాళ్ళు, ఉప్పాడ తీరంలో చేపల తట్ట ఎత్తుకునే ఆడవాళ్ళు ఆ వాక్యానికి పాఠకులు కారు. వాళ్ళకీ మొటిమలు వస్తాయి, వాళ్ళ ముఖాల మీదా మచ్చలుంటాయి, వాళ్ళకీ అద్దం ఉంటుంది. ఎండలో పని చేయని చర్మమే చర్మమని కరపత్రం నిశ్శబ్దంగా తేల్చేసింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో దళిత స్త్రీల సాహిత్య సంకలనం వచ్చినప్పుడు దాని పేరు 'నల్లపొద్దు' అని పెట్టడంలోని రాజకీయం నాకు అప్పుడు బోధపడినదానికన్నా ఇప్పుడు ఎక్కువగా బోధపడుతోంది. నలుపు అక్కడ మచ్చ కాదు, కాలాన్ని చెప్పే మాట.

మానడం గురించి మన సాహిత్యం పూర్తిగా మూగదేం కాదు. ఓల్గా 'విముక్త' (2010) కథల్లో 'సమాగమం' ఉంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న పుస్తకం కాబట్టి దాని మీద చర్చ బాగానే జరిగింది. రామాయణంలో ముక్కు చెవులు తెగాక శూర్పణఖ ఏడుస్తూ వెళ్ళిపోతుంది, ఆమె గాయం యుద్ధానికి సాకుగా పనికొస్తుంది. ఆ తర్వాత ఆమె ఎలా బతికిందని అడిగింది ఓల్గా. అడవిలో సీతకి ఎదురయ్యే శూర్పణఖ ఒక తోటని పెంచుకుంది. కోపంతో, తన రూపం మీద తనకే కలిగిన అసహ్యంతో పోరాడి, మొక్కల మధ్య చేతులతో పని చేస్తూ అందానికి వేరే అర్థం వెతుక్కుంది. సుధీరుడి సాహచర్యం ఆమె కోలుకోవడానికి కారణం కాదు, కోలుకున్నాక వచ్చింది. ఈ వరుస చాలా ముఖ్యం.

తోట అంటే కూడా కాలం పట్టే పని. మొక్క వేర్లు పట్టుకోవడాన్ని ఎవరూ తొందర పెట్టలేరు. కరపత్రంలోని 'ముందు–తర్వాత'కి ఇంతకన్నా మంచి జవాబు మన కథల్లో నేను చూడలేదు. అయినా ఒక విమర్శకురాలిగా ఒక మాట అనాలి. ఆ కథలో మనసు కోలుకున్న క్రమం మీదే దృష్టంతా ఉంది. రసి కారిన రోజులు, ఊపిరి తీసుకోవడం కొత్తగా నేర్చుకున్న రాత్రులు కథకి అవతలే ఉండిపోయాయి. ముక్కు కోయడం శిక్షగా చెలామణీ అయిన ఈ దేశంలోనే ముక్కు అతికే విద్య కూడా పుట్టింది. సుశ్రుత సంహిత చెంప చర్మంతో ముక్కుని చేసే పద్ధతి చెప్పింది. నుదుటి చర్మంతో ముక్కు చేసిన పుణె ప్రాంతపు వైద్యం గురించి 1794లో లండన్ పత్రిక 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' రాసింది. వైద్యం శరీరం గురించి రాసింది, మనిషి గురించి రాయలేదు. కథ మనిషి గురించి రాసింది, శరీరాన్ని తొందరగా దాటేసింది. ఈ రెండింటి మధ్య ఖాళీ ఇంకా అలాగే ఉంది.

నా చికిత్స సంగతి తెలిసిన ఒక స్నేహితురాలు 'నువ్వు కూడానా?' అంది. ఆమె కోపంలో న్యాయముంది. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకున్నా అది అమ్మే భయం మారలేదని మేమిద్దరం కలిసే వాదించాం. అందాల మార్కెట్ మీద మన విమర్శ అవసరమైంది, ఇకముందూ అవసరమే. కానీ ఆ విమర్శ ఆ చికిత్స గదిలోకి వెళ్ళిన ఆడదానికి రెండే పాత్రలు ఇచ్చింది. ఆమె మోసపోయినదైనా కావాలి, లొంగిపోయినదైనా కావాలి. రెంటిలోనూ ఆమె నోరు తెరవక్కర్లేదు. ఆడ్రే లార్డ్ 1980లో 'క్యాన్సర్ జర్నల్స్' రాసినప్పుడు, రొమ్ము తీసేశాక కృత్రిమ రొమ్ము పెట్టుకోనందుకు ఒక నర్సు తనని మందలించిన సంగతి చెప్పింది. ఆమె పెట్టుకోనంది. నేను చేయించుకున్నాను. దారులు వేరు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. నొప్పిని పైవాళ్ళకి కనపడకుండా దాచిపెట్టమనడమే అసలు ఆజ్ఞ. ఆ ఆజ్ఞ చికిత్సాలయం చేసినా ఉద్యమం చేసినా మౌనం ఒకటే.

ఈ మౌనం నా బుగ్గల దగ్గర ఆగితే ఇంత రాయనక్కర్లేదు. ఫ్రాక్షనల్ లేజర్‌నే కాలిన గాయాల మచ్చలకీ వాడతారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. మూడు రోజుల్లో ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. న్యాయం జరిగిందని జనం మిఠాయిలు పంచుకుంటే కథ అక్కడితో ముగిసినట్టే అయింది. ఆ నెలాఖరుకి ఒకమ్మాయి చనిపోయింది. బతికినవాళ్ళ ఏళ్ళ తరబడి చికిత్స ఎవరికీ కథగా కనిపించలేదు. యాసిడ్ దాడిని ప్రత్యేక నేరంగా చట్టం 2013లో గుర్తించింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 124వ సెక్షన్. బాధితులకి కనీసం 3 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అది దేనికి? గాయం తర్వాతి సంరక్షణకి, పునరావాసానికి. చట్టం పక్కు కట్టే కాలానికి ఒక లెక్క రాసింది, చాలినా చాలకపోయినా. సాహిత్యం ఇంకా దాడి జరిగిన రోజు దగ్గరే ఉంది.

నేను కోరుకుని చేయించుకున్న గాయాన్నీ, ఒకడు ద్వేషంతో చేసిన గాయాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. వాటి మధ్య దూరం చాలా ఉంది. కానీ రెండు చోట్లా చర్మం మానాల్సిందే. దానికి భాష లేకపోతే నష్టపోయేది ఎక్కువగా వాళ్ళే. ముఖం కోల్పోయిన ఆడదాన్ని వార్తలు 'ముందు' ఫొటోతో మాత్రమే గుర్తుంచుకుంటాయి. కరపత్రం నన్ను 'తర్వాత' ఫొటోగా మాత్రమే చూడాలనుకుంది. రెండు చోట్లా మధ్యలో బతుకుతున్న మనిషి లేదు.

కాబట్టి మన విమర్శ కొత్త ప్రశ్నలు అడగాలి. ఒక కథలో స్త్రీ గాయపడితే, ఆ గాయాన్ని ఎవరు కడిగారు? ఎన్ని రోజులు పట్టింది? ఆ రోజుల్లో ఆమె పని ఎవరు చేశారు? ఎవరికి ఏ అబద్ధం చెప్పారు? ఆమె రంగుకీ ఆమె ఎండకీ ఆ కథలో చోటుందా? ఈ ప్రశ్నలతో మళ్ళీ చదివితే మన పాత కథలు కొన్ని కొత్తగా కనిపిస్తాయి, కొన్ని చిన్నవైపోతాయి. రాసేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. రసి, పక్కు, పొట్టు, సలుపు, తీపు వంటి మాటలు మన అమ్మల దగ్గర ఇంకా ఉన్నాయి. కరపత్రాల భాష వాటిని తుడిచేయకముందే వాటిని కథల్లోకీ కవితల్లోకీ తెచ్చుకోవాలి.